ప్రాథమిక రంగులు అసలు ఏవి? పిల్లలకు ఎలా చూపించాలి?

తిరుపతిలో ఎనిమిదో తరగతి పిల్లలకు చిత్రలేఖనం నేర్పుతున్నాను. ఎరుపు, పసుపు, నీలం ప్రాథమిక రంగులని చెబుతూ వచ్చాం. శ్రీకాళహస్తి కలంకారీలో నీలిమందు మీద పసుపు పూసి ఆకుపచ్చ తెప్పించడం పిల్లలు కళ్లారా చూశారు. కానీ ఫోను తెరలో ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ప్రింటరులో సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మెజెంటా (ఊదా కలిసిన గులాబీ), పసుపు, వాటికి తోడు నలుపు. ఏది నిజమని పిల్లలు నిలదీస్తున్నారు. అడగవలసిన ప్రశ్నే!

కంటిలో రంగులను గుర్తించే శంకు కణాలు మూడు రకాలున్నాయని, అవి సుమారు 420, 530, 560 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతికి ఎక్కువగా స్పందిస్తాయని చదివాను. అయితే 560 దగ్గరి కాంతి మనకు ఎర్రగా కాదు, పసుపు కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తుంది. మరి తెరకు ఎరుపునే ఎందుకు ఎంచుకున్నారు? నన్ను బాగా వేధిస్తున్నది ఇదే.

ఎరుపు, ఆకుపచ్చ కాంతులు కలిస్తే పసుపు కనిపిస్తుందని తరగతిలో చూపించాలని ఉంది. మూడు టార్చిలైట్లకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం సెల్లోఫేన్ కాగితాలు కట్టి గోడ మీద వేస్తే సరిపోతుందా? మూడూ కలిసిన చోట తెలుపు శుభ్రంగా రావాలంటే ఏ ఛాయ నీలం కాగితం వాడాలి? చేసి చూసినవారు దయచేసి చెప్పండి.