డౌన్‌లోడ్ నడుస్తుంటే ఫైర్‌వాల్ అలర్టులు: పోర్ట్ 443 ఓపెన్ చేయాలా?

ప్రశ్న:
డౌన్‌లోడ్ మేనేజర్‌తో పెద్ద ఐఎస్ఓ (డిస్క్ ఇమేజ్) ఫైల్ దింపుతుంటే ఫైర్‌వాల్ వరసగా అలర్టులిస్తోంది: ‘ఇన్‌బౌండ్ టీసీపీ బ్లాక్డ్, రిమోట్ పోర్ట్ 443, లోకల్ పోర్ట్ 51724’, అంటే బయటినుంచి లోపలికి వస్తున్నదాన్ని ఆపిందట. పది నిమిషాల్లో 30 దాకా వచ్చాయి, ప్రతిసారీ లోకల్ పోర్ట్ వేరు. ఫైల్ మాత్రం సరిగ్గానే దిగింది. టొరెంట్ క్లయింట్ మూసేశాక కూడా టొరెంట్లు వాడే పోర్ట్ 6881కి యూడీపీ (టీసీపీ లాగే డేటా పంపే మరో పద్ధతి) అలర్టులు ఆగట్లేదు. ఎవరైనా చొరబడుతున్నారా? 443 ఓపెన్ చేయాలా?

జవాబు 1:
వద్దండి. 443 సర్వర్ వైపు పోర్టు (కనెక్షన్ వచ్చే తలుపు నంబరు లాంటిది), మీది కాదు. మీ వైపు విండోస్ 49152–65535 మధ్య ఏదో ఒకటి తాత్కాలికంగా వాడుకుంటుంది, అందుకే అది మారుతోంది. మేనేజర్ ఫైల్‌ని 8 లేదా 16 ముక్కలు చేసి ఒక్కోదానికి ఒక్కో కనెక్షన్ తెరుస్తుంది. ముక్క దిగగానే కనెక్షన్ మూసేస్తుంది, ఫైర్‌వాల్ తన పట్టికలోంచి దాన్ని కొట్టేస్తుంది. ఆ తర్వాత సర్వర్ నుంచి ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్ దానికి ‘అడగకుండా వచ్చింది’గానే కనిపిస్తుంది. లాగ్‌లో టీసీపీ ఫ్లాగులు (ప్యాకెట్ ఎందుకొచ్చిందో చెప్పే గుర్తులు) చూడండి. ఫిన్ (ముగింపు), యాక్ (అందిందని జవాబు), రీసెట్ (తెంపేయడం) ఉంటే దాదాపుగా ఆ ఆలస్యపు ప్యాకెట్లే. ఒక్క సిన్ మాత్రమే ఉంటే బయటివాళ్లు కొత్తగా తలుపు తడుతున్నట్టు. అప్పుడైనా బ్లాక్ అయిందంటే ఫైర్‌వాల్ తన పని చేసినట్టే.

జవాబు 2:
టొరెంట్ సంగతి వేరు. మీ ఐపీ, పోర్టు ట్రాకర్లలోనూ (ఎవరి దగ్గర ఏ ఫైల్ ఉందో చెప్పే సర్వర్లు) డీహెచ్‌టీలోనూ (సర్వర్ లేకుండా క్లయింట్లే పంచుకునే అలాంటి జాబితా) మిగిలిపోతాయి కాబట్టి మిగతా పీర్లు (టొరెంట్ పంచుకునే ఇతర కంప్యూటర్లు) కొంతకాలం అడుగుతూనే ఉంటాయి. కానీ రౌటర్ వెనకున్న పీసీ దాకా అవి ఎలా వస్తున్నాయి? క్లయింట్ యూపీఎన్‌పీతో (ప్రోగ్రాంలే రౌటర్‌లో పోర్టు తెరిపించుకునే సదుపాయం) రౌటర్‌లో తెరిపించిన పోర్టు ఇంకా అలాగే ఉండి ఉంటుంది. రౌటర్ సెట్టింగుల్లో యూపీఎన్‌పీ, పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీలు రెండూ చూసి 6881 ఎంట్రీ తీసేయండి.

జవాబు 3:
నా లెక్కలో ఇన్‌బౌండ్ అలర్టులకన్నా అవుట్‌బౌండ్‌వే (లోపలినుంచి బయటికి వెళ్లేవి) ముఖ్యం. దింపిన సెటప్ ఫైల్ తెరవగానే పేరు తెలియని ప్రోగ్రాం బయటికి వెళ్లబోతే ‘అలౌ’ నొక్కకండి. అది ఏ ఫోల్డర్‌లోంచి నడుస్తోందో, డిజిటల్ సంతకం ఉందో లేదో ముందు చూడండి. విండోస్ సొంత ఫైర్‌వాల్ మామూలుగా అవుట్‌బౌండ్‌ని ఆపదు. ఆగిన ప్యాకెట్ల లాగ్ కూడా దాంట్లో మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. విండోస్ ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ విండోలో ప్రాపర్టీస్, మీ ప్రొఫైల్, లాగింగ్ దగ్గర కస్టమైజ్ నొక్కి ‘లాగ్ డ్రాప్డ్ ప్యాకెట్స్’కి ‘ఎస్’ పెట్టండి. లాగ్ సైజు 4096 కేబీ ఉంటుంది, చాలకపోతే పెంచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
443వి అన్నీ ఫిన్, యాక్‌లే. రౌటర్‌లో 6881 ఎంట్రీ దొరికింది, తీసేశాక యూడీపీ అలర్టులు ఆగాయి. మరి డౌన్‌లోడ్ మధ్యలోనే ఆగిపోయి అలర్ట్ వస్తే?

జవాబు 1:
అప్పుడు పట్టించుకోవాల్సిందే. పాత ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపుకునే పద్ధతి) సర్వర్లతో ఇది మామూలు: యాక్టివ్ మోడ్‌లో డేటా కనెక్షన్ సర్వరే మీవైపు తెరుస్తుంది, సాధారణంగా తన పోర్ట్ 20 నుంచి. ఫైర్‌వాల్ దాన్ని ఆపేస్తే లాగిన్ అవుతుంది గానీ ఫైళ్ల జాబితా కూడా రాదు. క్లయింట్‌ని పాసివ్ మోడ్‌కి (డేటా కనెక్షన్ కూడా మీవైపు నుంచే తెరిచే పద్ధతి) మార్చండి, రూల్ రాయాల్సిన పని ఉండదు.