పాపకు పెయింటింగు పుస్తకాలు, బాబాయికి ఫొటోల పుస్తకాలు: మూడు వేలల్లో ఏవి కొనాలె?

ప్రశ్న (హన్మకొండ నుంచి):
అందరికీ నమస్కారం. మా పాప ఇంటర్ సెకండియర్. బొమ్మలు బాగ వేస్తది, ఫైన్ ఆర్ట్స్ ఎంట్రెన్స్ రాస్త అంటున్నది. మా బాబాయి పరకాలల ముప్పై ఐదేండ్లు ఫొటో స్టూడియో నడిపి మొన్న దసరాకు షట్టర్ దించిండు. అప్పటిసంది పొద్దు పోతలేదు ఆయనకు. ఇద్దరికీ పుస్తకాలు కొందామని ఉంది, చేతిల మూడు వేలున్నయి. పోయిన నెల ఆన్‌లైన్‌ల గొప్ప చిత్రకారుల మీద ఒక లావు పుస్తకం తెప్పిస్తే అట్ట మీద బొమ్మ మెరుస్తున్నది, లోపల అన్నీ జిరాక్స్ తీసినట్టు మసక. వాపస్ కూడ తీసుకోలే. పాప ఇంగ్లిష్ చదువుతది, బాబాయికి తెలుగే. ఏవి కొనాలె, ఎట్ల చూసి కొనాలె?

జవాబు (కరీంనగర్, డ్రాయింగ్ టీచరు):
అమ్మా, చిత్రకారుడి బతుకు చెప్పే పుస్తకం వేరు, ఆయన బొమ్మలు చూపించే పుస్తకం వేరు. బతుకు కథకు మామూలు కాగితం చాలు, మూడు నాలుగు వందల్లో వస్తుంది. బొమ్మలకు ఆర్ట్ పేపరు, మంచి రంగుల అచ్చు ఉండాలి, అక్కడ చవక చూసుకోవద్దు. రెండూ ఒక్కదాంట్లోనే చవకగా రావాలంటే మీకు వచ్చినట్టే వస్తుంది.

పాపకు మొదట ‘జీవన లాలస’ ఇవ్వండి. డచ్ చిత్రకారుడు వాన్‌గో మీద ఇర్వింగ్ స్టోన్ 1934లో రాసిన నవలకు తెలుగు. నవల కాబట్టి అందులో మాటలన్నీ వాన్‌గో అన్నవే అనుకోవద్దని చెప్పండి. అసలు మాటలు కావాలంటే ఉత్తరాలున్నాయి. ఆయన రాసినవీ ఆయనకు వచ్చినవీ కలిపి 902 ఉత్తరాలను ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్‌గో మ్యూజియం ఇంగ్లిష్‌లో ఉచితంగా నెట్‌లో పెట్టింది. కొన్ని ఉత్తరాల మధ్యలో తను వేస్తున్న బొమ్మను పెన్నుతో చిన్నగా గీసి, ఇక్కడ ఫలానా రంగు, అక్కడ ఫలానా రంగు అని పేర్లు రాసి తమ్ముడు థియోకు పంపేవాడు. రంగుల గురించి నేను క్లాసులో గంట చెప్పేది ఆ ఒక్క కాగితంలో ఉంటుంది.

తెలుగులో బొమ్మల గురించి చదవాలంటే నా ఓటు సంజీవదేవ్‌కే. ‘తెగిన జ్ఞాపకాలు’ ఆయన ఆత్మకథలో ఒక భాగం. తుమ్మపూడి నుంచి బయలుదేరి హిమాలయాల్లో రష్యా చిత్రకారుడు రోరిక్ దగ్గర దాకా వెళ్లిన మనిషి. కొండ మీద వెలుగు మారడం గురించి ఆయన రాస్తే చదివినవాడికి కుంచె పట్టుకోవాలనిపిస్తుంది.

ఇంకోటి, మనవాళ్లను మరిచిపోవద్దు. పి.టి. రెడ్డి (1915-1996) మన పాత కరీంనగర్ జిల్లా అన్నవరంలో పుట్టి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివారు. తోట వైకుంఠం 1942లో బూరుగుపల్లిలో పుట్టారు. ఊళ్లకు వచ్చే నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లను చిన్నప్పుడు కళ్లార్పకుండా చూశారట. ఆ పెద్ద బొట్లు, ఆ నిండు రంగుల చీరలు అట్లా చూసిన కళ్లలోంచి వచ్చినవే. సిద్దిపేట కాపు రాజయ్య (1925-2012) బోనాలు, బతుకమ్మ వేశారు. ఇట్లాంటివాళ్ల ప్రదర్శనలకు వేసే కేటలాగులు సన్నగా ఉంటాయి, అచ్చు మాత్రం బాగుంటుంది. లావు పుస్తకాల కంటే నేను వాటినే ఎక్కువ దాచుకున్నా.

జవాబు (వరంగల్ చౌరస్తా, ఫొటోగ్రాఫర్):
అక్కా, బాబాయి సంగతి నాకు విడిచిపెట్టు. స్టూడియోల బతికిన మనిషికి రాజా దీన్ దయాళ్ కంటె పెద్ద దేవుడు లేడు. 1844ల మీరట్ దగ్గర సర్ధనల పుట్టిండు, రూర్కీల ఇంజినీరింగ్ చదివిండు, ఇందోర్ల సర్కారు నౌకరి చేసుకుంట కెమెరా పట్టిండు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్. సికింద్రాబాద్ల స్టూడియో. 1892ల పరదా ఆడవాళ్ల కోసం హైదరాబాద్ల జెనానా స్టూడియో తీసిండు, అండ్ల ఫొటో తీసేది కూడ ఆడమనిషే. దీపాలీ దేవన్, డెబొరా హటన్ కలిసి 2013ల ఆయన మీద తెచ్చిన ఇంగ్లిష్ పుస్తకమున్నది. కొత్తది పిరం. పాతది దొరికితె ఇడువకు. చదవరాకున్నా ఫర్వలేదు, బాబాయి చదివేది బొమ్మలను గద.

రెండోది, హోమాయ్ వ్యారావాలా (1913-2012). మన దేశంల మొదటి ఆడ ప్రెస్ ఫొటోగ్రాఫర్. ‘డాల్డా 13’ అని పేరు పెట్టుకున్నది: పుట్టింది 1913ల, పెనిమిటి కలిసింది పదమూడో ఏట, మొదటి కారు నెంబరు డి.ఎల్.డి. 13. సబీనా గడిహోకె రాసిన పుస్తకం పాపకు కూడ పనికొస్తది. సునీల్ జానా (1918-2012) పేరు కూడ రాసి పెట్టుకో. బెంగాల్ కరువు ఫొటోలు ఆయనవే, మన సాయుధ పోరాటం ఫొటోలు కూడ తీసిండు.

ఫ్రాన్స్ ఫొటోగ్రాఫర్ కార్టియర్ బ్రెసాన్ పుస్తకం ‘డిసైసివ్ మూమెంట్’ అని అందరు చెప్తరు. 1952 నాటిది, అట్ట మీద బొమ్మ చిత్రకారుడు మాటిస్ వేసింది. గొప్పదే, కాని మన బాబాయికి ఆయన ఇండియా ఫొటోల పుస్తకం దగ్గరైతది. ముందుమాట సత్యజిత్ రాయ్‌ది. గాంధీని చంపిన రోజున, కొద్దిసేపటి ముందు ఆయనను కలిసి పోయిండు బ్రెసాన్. తర్వాత అంతిమయాత్ర తీసిండు.

జవాబు (జనగామ నుంచి):
ఇంత తిప్పలెందుకు? రవివర్మ పెద్ద పుస్తకం ఒకటి కొనిస్తే ఇంటిల్లిపాదీ చూసుకుంటారు కదా.

జవాబు (డ్రాయింగ్ టీచరు):
కొనండి, కాకపోతే బొమ్మ కింద రాసింది చదివి కొనండి. రవివర్మ 1894లో సొంత ప్రెస్సు పెట్టి లక్ష్మి, సరస్వతి బొమ్మలను రాతి అచ్చులో వేయించారు, మన తాతల ఇండ్లలో పటాలు కట్టి ఉన్నవి అవే. చాలా పుస్తకాలు ఆ అచ్చు బొమ్మలనూ ఆయన చేత్తో వేసిన తైలవర్ణ చిత్రాలనూ ఒకే గాటన కట్టేస్తాయి. మంచి పుస్తకంలో ప్రతి బొమ్మ కింద ఏ రంగులతో, దేని మీద వేశారు, ఎంత సైజు, ఏ సంవత్సరం, ఇప్పుడెక్కడుంది అని ఉంటుంది. సైజు లేకపోతే పిల్లలకు గోడంత బొమ్మా పోస్టుకార్డంత బొమ్మా ఒకటే అయిపోతాయి. నేను షాపులో మొదట చూసేది ఆ చిన్న అక్షరాలనే.

జవాబు (కాజీపేట, పాత పుస్తకాల పిచ్చోడు):
ఆదివారం పొద్దున రైలెక్కి ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కు పోండి. పోయేటప్పుడు గడియారం రిపేరువాళ్లు వాడే చిన్న భూతద్దం జేబులో పెట్టుకోండి. బొమ్మ మీద పెట్టి చూస్తే రంగుల చుక్కలు సన్నగా, వరుసలో కనిపించాలి. చుక్కలు చెదిరి, గీతల అంచులు మెట్లుమెట్లుగా ఉన్నాయంటే పుస్తకం నుంచి స్కాన్ చేసి మళ్లీ అచ్చేసిన సరుకు. నలుపు తెలుపు ఫొటో అయితే జుట్టు చూడండి. వెంట్రుకలు కలిసిపోయి నల్ల ముద్దలాగ ఉంటే పెట్టేయండి.

వానకాలం సరుకైతే పేజీలు అన్నీ తిప్పండి. ఆర్ట్ పేపరు తడిసి మూసినట్టే ఆరితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, విడదీస్తే బొమ్మ చర్మం లేచొస్తుంది. నాకట్లా ఒక పుస్తకం సగం పోయింది. ఆన్‌లైన్‌లో అయితే లోపలి పేజీ ఫొటో పంపమని అడగండి, పంపకపోతే వద్దు. డబ్బు పెట్టకుండా చూడాలంటే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, అమెరికాలోనే గెట్టీ మ్యూజియం వాళ్లు తమ పాత పుస్తకాలు వందల కొద్దీ ఉచితంగా దించుకోనిస్తున్నారు. ఊళ్లో అయితే హన్మకొండ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికి వెళ్లండి. 1904 నాటి లైబ్రరీ, సంజీవదేవ్ కోసం ముందు అక్కడ అడగండి.

జవాబు (డ్రాయింగ్ టీచరు):
ఒకటి మరిచిపోయా. పాపను ఒక ఆదివారం చేర్యాలకు తీసుకుపోండి. గుడ్డ మీద కథల పటాలు వేసే నకాషీ వాళ్లు ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, గంజి, చింతగింజల అంబలి పూసి ఆరబెడుతుంటే పక్కన కూర్చోనివ్వండి. కాపు రాజయ్య బొమ్మలు ఆ తర్వాత చూస్తే వేరేగా కనిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత):
అందరికీ థాంక్స్. ‘జీవన లాలస’ దొరికింది, పాప రెండు రాత్రుల్ల అయిపోగొట్టి ఉత్తరాల మీద పడ్డది. ఆబిడ్స్ల దీన్ దయాళ్ పుస్తకం అట్ట మూల నలిగింది పద్దెనిమిది వందలకు ఇచ్చిండు. భూతద్దం పెట్టి చూస్తుంటే నవ్విండు గాని నేను ఊకోలే. సంజీవదేవ్ ఇంకా దొరకలే, ఎవరి దగ్గరన్న ఉంటే చెప్పండి.

బాబాయి పుస్తకం ఒళ్లె పెట్టుకొని గంట సేపు మాట్లాడలే. ఒక నవాబు ఫొటో దగ్గర ఆగి, ఆ భూతద్దం అడిగి తీసుకున్నడు. “చూడు బిడ్డా, చెంప మీద పెన్సిల్ టచింగ్. నెగెటివ్ మీద మేము గిట్లనే చేస్తుంటిమి” అన్నడు. సాయంత్రం అటక మీదికెంచి ఆయన టచింగ్ బల్ల దించిచ్చినం.