ముక్కూ ముఖం తెలియని వారిని ఊరిలోకి రానివ్వాలా, వద్దా?

కొత్తపేట వాసి:

పిల్లలు హైదరాబాదులోనో గల్ఫ్ దేశాలలోనో స్థిరపడగా ఒంటరిగా మిగిలిన వృద్ధులు మా గ్రామంలో ఎక్కువయ్యారు. అందువల్ల బయటి నుంచి వచ్చే చిల్లర వ్యాపారులను, యాచకులను ఊరి పొలిమేరలోనే ఆపివేయాలని కొందరు పెద్దలు ప్రతిపాదించారు. నేను దానిని సమర్థిస్తున్నాను. కోనసీమలో చాలా ఇళ్లు కొబ్బరి తోటల మధ్య విడివిడిగా ఉంటాయి. మధ్యాహ్నం పూట కేక వేసినా పక్కింటికి వినిపించదు. నగలకు మెరుగు పెడతామని వచ్చేవారి పద్ధతి చూడండి. ముందు ఇత్తడి కుందిని ఉచితంగా తళతళలాడిస్తారు, తరువాత వెండి పట్టీలు అడుగుతారు, నమ్మకం కుదిరాక మెడలోని గొలుసు తీయించి, నత్రికామ్లం, హైడ్రోక్లోరికామ్లం కలిపిన ద్రవంలో ముంచుతారు. ఆ ద్రవంలో బంగారం కరుగుతుంది. తేలికైపోయిన గొలుసును పసుపు నీళ్ల గిన్నెలో వేసి, కాసేపటి వరకు మూత తీయవద్దని చెప్పి వెళ్లిపోతారు. ఇంత నేర్పుగా జరిగే మోసాన్ని డెబ్బై ఏళ్ల మనిషి పసిగట్టాలనడం న్యాయం కాదు.

రాజోలు ఆడపడుచు:

మా అమ్మగారు కూడా ఒంటరిగానే ఉంటారు కనుక మీ భయం నాకు తెలుసండీ. అయినా ఈ నిషేధాన్ని ఒప్పుకోలేను. ధనుర్మాసంలో తెల్లవారుజామున అక్షయపాత్ర తలకెత్తుకొని వచ్చే హరిదాసు, సంక్రాంతికి గంగిరెద్దును ఆడించేవారు, చాపలు అమ్ముకొనేవారు, వీరంతా మీ లెక్కలో బయటివారే అవుతారు. సంచార జాతులను పుట్టుకతోనే దొంగలుగా ముద్ర వేసిన నేరస్థ తెగల చట్టాన్ని ఆంగ్ల ప్రభుత్వం 1871లో తెచ్చింది. అది రద్దు కావడానికి 1952 వరకు పట్టింది. ఆ అన్యాయాన్ని మన ఊళ్లలో మళ్లీ మొదలుపెట్టవద్దు. పైగా మోసగాడు మాసిన బట్టలతోనే రావాలని లేదు. మెడలో గుర్తింపు కార్డు వేసుకొని, పింఛను వివరాలు సరిచూడాలని చెప్పి ఓటీపీ అడిగేవాడిని మీ పొలిమేర ఆపగలదా? మా అమ్మగారికి నేను చెప్పినవి కొన్నే: ఊచల తలుపు గడియ తీయకుండా మాట్లాడాలి, ఒంటి మీది నగ తీయకూడదు, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. ప్రమాదమనిపిస్తే 112కు, ఖాతాలో డబ్బు పోతే 1930కు వెంటనే ఫోన్ చేయాలి.

కొత్తపేట వాసి:

హరిదాసు విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నానండీ. కానీ చెవులు సరిగా వినబడని పెద్దావిడ, మంచినీళ్లు అడిగిన మనిషికి గడియ తీయకుండా ఎంతసేపు ఉండగలదు? అడిగినవారికి కాదనడం ఆ తరానికి అలవాటు లేదు. నిషేధం వద్దంటే, వచ్చినవారి పేరు, ఊరు, ఫోన్ నంబరు గ్రామ సచివాలయంలో రాయించుకొనే ఏర్పాటైనా ఉండాలి.

రాజోలు ఆడపడుచు:

దానికి నా అభ్యంతరం లేదు, అయితే ఒక షరతు. చాపలు అమ్ముకొనే ఆమె చేత పేరు రాయించి, గ్యాస్ పొయ్యి తనిఖీ అంటూ మోటారు సైకిల్ మీద వచ్చినవారిని దర్జా చూసి వదిలేయకూడదు. అందరికీ ఒకే పుస్తకం ఉండాలి.