మధ్యలో వెళ్లిపోయిన మిత్రుణ్ని స్టూడియో స్థాపకుడిగా రాయాలా?

ముగ్గురం కలిసి చిన్న గేమ్ స్టూడియో మొదలుపెట్టాం. నేను కోడ్ రాస్తాను, రెండో మిత్రుడు సంగీతం చూస్తాడు. బొమ్మలు గీసే మూడో మిత్రుడు ఎనిమిది నెలలకే ఇంటి అవసరాల కోసం ఉద్యోగంలో చేరాడు. గొడవేమీ లేదు. ఇప్పుడు మొదటి గేమ్ విడుదలకు సిద్ధమైంది. స్టూడియో పరిచయం రాద్దామని కూర్చుంటే, స్థాపకుల పేర్ల దగ్గర చెయ్యి ఆగిపోయింది.

మా కథానాయిక దూకే కదలికలో 12 ఫ్రేములున్నాయి. అన్నీ అతను గీసినవే. నోటు పుస్తకంలో పెన్సిల్‌తో గీసి, చెరిపి, కాగితం చిరిగేదాకా మళ్లీ గీశాడు. తర్వాత వచ్చిన చిత్రకారిణి మిగతావన్నీ మార్చింది కానీ వాటిని మాత్రం ముట్టుకోలేదు.

ఇతర స్టూడియోల కథలు చదివాను. 2017లో వచ్చిన కప్‌హెడ్ అనే గేమ్ కోసం మోల్డెన్‌హౌవర్ సోదరులు ఇళ్లు తాకట్టు పెట్టారు. అదే ఏడాది వచ్చిన హాలో నైట్ అడిలైడ్‌లోని చిన్న బృందం పని. ఎంతో ధైర్యాన్నిచ్చాయి, కానీ నా ప్రశ్నకు జవాబు దొరకలేదు.

స్థాపకుడన్న పేరు ఇస్తే వాటా కూడా ఇచ్చినట్లే అవుతుందా? వాటాలు నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా దక్కేలా, మొదటి ఏడాది నిండకుండా వెళ్తే ఏమీ రాకుండా రాసుకునే పద్ధతి ఉందని ఆలస్యంగా తెలిసింది. మేం ఏ కాగితమూ రాసుకోలేదు. ఆ బొమ్మల హక్కులు ఇప్పటికీ అతనివేనేమో! విడుదలకు ముందే రాయించుకోవాలా? స్నేహం చెడకుండా ఈ మాట ఎలా ఎత్తాలి? ఇలాంటి పరిస్థితి దాటినవారు దయచేసి చెప్పండి. అతని పేరు ఉండాలనే నా మనసు చెబుతోంది.