పాత కస్టమర్లకి ఉత్తరాలు వెయ్యాలా, పేపర్లో పాంప్లెట్లు పెట్టించాలా?

మలికిపురం ఆర్‌ఓ షాపు:
అందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో వాటర్ ప్యూరిఫైయర్ల అమ్మకం, సర్వీసు షాపు. ఇద్దరు మెకానిక్కులు. బిల్లు పుస్తకాల్లో 640 మంది పాత కస్టమర్లున్నారు, ఎక్కువమంది సఖినేటిపల్లి, రాజోలు, మామిడికుదురు వైపు. సగం మంది మొదటేడాది అయ్యాక ఫిల్టర్లు మార్పించడం మానేశారు. వాట్సాప్‌లో పెడితే చూసి ఊరుకుంటున్నారు.

ఎండాకాలం ముందు వీళ్లందరికీ పోస్టులో కార్డులు పంపుదామని ఒక ఆలోచన. అదే డబ్బుతో 5,000 పాంప్లెట్లు కొట్టించి పేపర్లో పెట్టిద్దామని ఇంకో ఆలోచన. ఏది మంచిది? పోస్టులో అయితే 50 పైసల కార్డు మీద అచ్చు వేయించేస్తే సరిపోతుందా?

తపాలా కిటికీ:
సరిపోదండి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 50 పైసల కార్డు చేత్తో రాసే ఉత్తరానికి. దాని మీద మేటరు అచ్చు వేయిస్తే అది ప్రింటెడ్ పోస్టుకార్డు కిందికి పోతుంది, దాని రేటు 6 రూపాయలు. 20 గ్రాముల లోపు కవరుకేమో 5 రూపాయలే. అంటే అచ్చేసిన కార్డు కన్నా అంటించిన కవరే చవక. 50 పైసల కార్డు మీద ఆఫరు అచ్చేసి డబ్బాలో పడేస్తే, తగ్గిన టికెట్టుకి రెట్టింపు మీ కస్టమరు దగ్గర వసూలు చేస్తారు. మీ ప్రకటన చదవడానికి ఆయన 11 రూపాయలు కట్టాలి. ఇంక సర్వీసుకి పిలుస్తాడా?

పేర్లు రాయకుండా ఊరంతా పంచడానికి డైరెక్ట్ పోస్ట్ అని వేరే సర్వీసుంది. ఫలానా ఊళ్లని చెప్పి కాగితాలు ఇస్తే పోస్ట్‌మాన్‌లు ఇంటింటికీ వేస్తారు. కనీసం ఎన్ని ఇవ్వాలో, ఇప్పటి రేటెంతో అమలాపురం హెడ్ పోస్టాఫీసులో కనుక్కోండి. కానీ మీ చేతిలో 640 పేర్లున్నాయి. పేరు తెలిసిన ఇంటికి పేరు లేని కాగితం పంపడం దండగ.

అసలు పనంతా చిరునామాల్లో ఉంది. మన ఊళ్లలో ఉత్తరం డోర్ నంబరు చూసి కాదు, పేరు చూసి ఇస్తారు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఒక్క ఊళ్లోనే నలుగురు తేలతారు. అందుకని పేరు కింద తండ్రి పేరో భర్త పేరో, దాని కింద వీధి, వీధి లేకపోతే రామాలయం దగ్గరనో కాలువ గట్టనో ఒక గుర్తు, తరవాత ఊరు, పోస్టు, మండలం, పిన్‌కోడ్ రాయండి. మిషను కొన్నాయన గల్ఫ్‌లో ఉంటే ఆయన పేరు మీద పంపకండి. ఇంట్లో ఉన్నావిడ పేరు కనుక్కుని రాయండి. నీళ్లు ఎప్పుడు చేదెక్కాయో తెలిసేది కూడా ఆవిడకే.

పిన్‌కోడ్ లేకుండా ఒక్కటి కూడా పంపొద్దు. పి.గన్నవరం వెళ్లాల్సింది ఒట్టి గన్నవరం అని రాస్తే విజయవాడ పక్కకి చక్కర్ కొట్టి వస్తుంది. జిల్లా పేరుకి మాత్రం అంత కంగారు పడక్కర్లేదు. 2022లో జిల్లాలు విడగొట్టాక కొందరు కోనసీమ అంటారు, కొందరు ఇప్పటికీ తూర్పు గోదావరి అనే రాస్తారు. పిన్‌కోడ్ సరిగ్గా ఉంటే చేరిపోతుంది. మీ వైపు నంబర్లు 533తో మొదలవుతాయి, వశిష్ట గోదావరి దాటి నరసాపురం వెళ్తే 534. పంటు ఎక్కి వచ్చే కస్టమర్లుంటే ఆ తేడా చూసుకోండి.

కవర్లు పిన్‌కోడ్ వారీగా కట్టలు కట్టండి. ఒక్కో కట్టలో మళ్లీ బ్రాంచి పోస్టాఫీసు వారీగా పేర్చి రబ్బర్‌బ్యాండు వెయ్యండి. డబ్బాలో కుక్కకుండా కౌంటర్లో చేతికివ్వండి. కవరు మీద షాపు చిరునామా తప్పనిసరి. అందనివి వెనక్కి వచ్చినప్పుడు పైన రాసి ఉంటుంది, ఇల్లు మారారనో, చిరునామా చాలదనో. ఆ కవర్లు పారేయకండి, వాటితోనే మీ లిస్టు శుభ్రపడుతుంది.

భీమవరం ఆఫ్‌సెట్:
ప్రింటింగ్ వైపు నాలుగు మాటలు.

కాగితం 90 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 90 గ్రాములు) మ్యాప్‌లితో చాలు, అంటే మెరుపు లేని మామూలు తెల్ల కాగితం. మెరిసే ఆర్ట్ పేపరు మీద బాల్‌పెన్ను సరిగా పారదు. ఉత్తరంతో పాటు పెట్టే కూపన్ మీద మెకానిక్కు తేదీ వేసి సంతకం పెట్టాలన్నా, కస్టమరు ఏమైనా రాసుకోవాలన్నా మ్యాప్‌లితోనే నయం. 130 ఆర్ట్ పేపరు ముందు మడత గీత (క్రీజు) కొట్టకుండా మడిస్తే మడత దగ్గర రంగు పగిలిపోతుంది కూడా.

ఏ4 కాగితాన్ని మూడు మడతలేస్తే వెడల్పు 99 మిల్లీమీటర్లు వస్తుంది. 9×4 అంగుళాల కవరు 101 చిల్లర. మిషను మడత అయితే దూరుతుంది. ఇంట్లో పిల్లల చేత మడిపిస్తే ఒక్క మిల్లీమీటరు వంకర పోయినా అడ్డం పడుతుంది. 10×4½ కవరు తీసుకోండి, పైసల్లోనే తేడా.

ఏ4 90 జీఎస్‌ఎం కాగితం ఐదున్నర గ్రాములు, కవరు ఆరేడు గ్రాములు. మొత్తం 13 లోపే. ఇంకో చిన్న కూపన్ పెట్టినా 20 దాటదు. ఫ్రిజ్ మీద అంటించుకునే మ్యాగ్నెట్ పెడదామనిపిస్తుంది, మంచి ఆలోచనే. కానీ ముందు ఒక కవరు నింపి కొట్లో డిజిటల్ కాటా మీద తూచండి. 20 దాటితే టికెట్టు 10 రూపాయలవుతుంది. మ్యాగ్నెట్ మెకానిక్కు చేతికిచ్చి ఇంటి దగ్గర అంటించమంటే ఆ ఖర్చుండదు.

తెలుగు మేటరు సంగతి జాగ్రత్త. మీరు వాట్సాప్‌లో టైపు చేసి పంపేది యూనికోడ్. డీటీపీ వాళ్లలో ఎక్కువమంది యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేస్తారు. కన్వర్టర్‌లో మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, అంకెలు, రూపాయి గుర్తు తారుమారవుతాయి. ప్రూఫు ఫోన్‌లో చూసి ఓకే అనొద్దు. కాగితం మీద తీయించి ఫోన్ నంబరు నిజంగా డయల్ చేసి చూడండి. సరిచూశాకే ఫైలు కర్వ్స్‌లోకి, అంటే అక్షరాల్ని బొమ్మ గీతల్లోకి మార్పించండి. లేకపోతే ప్లేటు తీసే చోట ఆ ఫాంటు లేక అక్షరాలు మళ్లీ చెదురుతాయి.

చిరునామా లేబుళ్లకి ఎక్సెల్‌లో యూనికోడే ఉంచుకుని మెయిల్ మెర్జ్ చేయండి, లిస్టులో పేర్లు ఒక్కో లేబులు మీదికి వాటంతటవే వస్తాయి. ఏ4 స్టిక్కర్ షీటులో 24 లేబుళ్లవి ఉంటాయి, 16వి ఉంటాయి. తెలుగులో ఐదు లైన్ల చిరునామాకి 24 వాటిలో వత్తులు పై లైనుకి కింది లైనుకి తగులుకుంటాయి. 16వి తీసుకోండి, 640కి 40 షీట్లు. ముందు మామూలు తెల్ల కాగితం మీద ఒకటి ప్రింటు తీసి, స్టిక్కర్ షీటు మీద పెట్టి వెలుతురుకి ఎత్తి చూస్తే జరిగిందో లేదో తెలిసిపోతుంది.

కాకి లెక్క:
పైవాళ్లు చెప్పింది సరే. ఎప్పుడు పంపాలి, ఒకేసారి ఎన్ని పంపాలి అన్నది అంతకన్నా ముఖ్యం.

640 ఒక్క రోజే పంపకండి. ఇద్దరు మెకానిక్కులు రోజుకి ఆరేసి ఇళ్లు చూసినా వారానికి 72. అందరికీ ఒకేసారి అంది ఫోన్లు మొదలైతే పదిరోజుల తరవాత వస్తామని చెప్పాల్సి వస్తుంది, ఈలోపు పక్క షాపువాడు వెళ్లిపోతాడు. వారానికి 120 నుంచి 150, అదీ ఒకే రూటులో ఉన్న ఊళ్లకి పంపండి. ఒక వారం సఖినేటిపల్లి వైపు, ఇంకో వారం మామిడికుదురు వైపు. పెట్రోలూ కలిసొస్తుంది.

కాలువలు కట్టేసేది, అంటే నీళ్లు ఆపేసేది, దాళ్వా (రెండో పంట వరి) కోతల సమయంలో, ఏప్రిల్‌లో. ఆ తరవాత ఊళ్లకి మంచినీళ్ల చెరువుల్లో నింపుకున్న నీళ్లే గతి. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కాబట్టి మొదటి కట్ట మార్చి మొదటి వారంలో పోస్టులో పడాలి. రెండో విడత ఆగస్టులో. గోదారికి ఎర్రనీరు వచ్చాక మట్టిని ఆపే సెడిమెంట్ ఫిల్టరు ఎంత తొందరగా పూడుకుపోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నెలల్లో గోదారి మధ్య లంక ఊళ్లకి మాత్రం వరద చూసుకుని పంపండి, దారి మునిగితే టపా ఆగుతుంది. సంక్రాంతి ముందు అసలొద్దు. అప్పుడు ఇంటికొచ్చే అల్లుళ్ల గోల తప్ప ఫిల్టరు గోల ఎవడికీ పట్టదు.

ఉత్తరంలో పది ఆఫర్లు పెట్టకండి. మీ దగ్గర బిల్లు పుస్తకం ఉంది కదా, మీకు మాత్రమే తెలిసిన మాట అందులో ఉంది. అదే మొదటి లైను. ఇలా రాయండి:

«లక్ష్మిగారికి నమస్కారం. మీ ఇంట్లో మిషనుకి కిందటి ఏడాది జూన్ 14న ఫిల్టర్లు మార్చాం. వచ్చే నెల కాలువలు కట్టేస్తారు. ఈలోపు మా మెకానిక్కు వచ్చి నీళ్లలో కరిగిన లవణాలు (టీడీఎస్) ఎంతున్నాయో కొలిచి చూపిస్తాడు, దానికి డబ్బులు తీసుకోం. మార్చాల్సినవి ఉంటేనే మారుస్తాడు. రేట్లు వెనక ఉన్నాయి. మీ ఊరు వచ్చే రోజులు మంగళ, బుధ.»

పేరూ తేదీ ఎక్సెల్‌లోంచి వస్తాయి. అక్షరాలు 14 పాయింటుకి తగ్గకూడదు, చదివేది పెద్దవాళ్లు. భయపెట్టే రాతలు వద్దు. తాగునీటి ప్రమాణంలో టీడీఎస్ 500 లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2,000 దాకా పర్లేదన్నారు. 600 వచ్చిన ఇంట్లో విషం తాగుతున్నారని రాస్తే అది తప్పుదారి పట్టించే ప్రకటన అవుతుంది. లక్కీ డ్రా జోలికీ పోకండి, అమ్మకాల కోసం లాటరీ పెట్టడం వినియోగదారుల చట్టం కింద తప్పుడు వ్యాపార పద్ధతుల్లో ఒకటి.

ఇక లెక్క. టికెట్టు 5, కవరు 1.50, ప్రింటు 2, లేబులు 0.50 అనుకుంటే ఒక్కోటి 9 రూపాయలు. లిస్టు శుభ్రం చేశాక 500 మిగిలితే 4,500. ఒక సర్వీసు మీద మీకు 300 మిగిలితే 15 ఇళ్లకే ఖర్చు తిరిగొచ్చింది, అంటే నూటికి ముగ్గురు. మీ సొంత అంకెలు వేసి చూసుకోండి. నూటికి ముగ్గురు కూడా రారనిపిస్తే చిక్కు పోస్టుది కాదు, మీ సర్వీసుది.

కూపన్ మూల మీద ఊరికో అక్షరం, విడతకో అంకె వేయండి, స-1, మా-2 అలా. మెకానిక్కు డబ్బుతో పాటు కూపన్ తెస్తేనే లెక్కలో వెయ్యండి. లేకపోతే ఏ ఊరు పలికిందో మీకు తెలియదు.

పేపర్ ఏజెంటు:
పాంప్లెట్‌ని మరీ తీసిపారేయకండి గురువుగారూ. కొత్త మిషన్లు అమ్మాలంటే, అసలు మీ షాపు పేరు వినని ఊళ్లకి వెళ్లాలంటే అదే దారి. కానీ ఊళ్లలో పేపరు సగం టీకొట్టుకే వస్తుంది. పదిమంది చదివే పేపర్లో పాంప్లెట్ మొదటివాడు తియ్యగానే బల్ల కిందికి పోతుంది. 5,000 ఎందుకు? ఏ ఊళ్లో ఎన్ని కాపీలు ఇళ్లకి పడుతున్నాయో ఏజెంటుని అడిగి అన్నే కొట్టించండి. ఆదివారం వద్దు, ఆ రోజు పేపర్లో అన్నీ పాంప్లెట్లే. తెల్లారుజామున పేపర్లు విడదీసే చోటికి మీ మనిషిని పంపండి. పాంప్లెట్లు కట్టలు కట్టలుగా పక్కన పడేస్తే అక్కడే కనిపిస్తుంది.

మలికిపురం ఆర్‌ఓ షాపు:
చాలా థాంక్సండి. ముందు మార్చిలో సఖినేటిపల్లి వైపు 130తో మొదలెడతాను. ఒక్క సందేహం. పాత బాకీలున్నవాళ్లు 40 మంది దాకా ఉన్నారు. బాకీ సంగతి కూడా అందులోనే రాసెయ్యొచ్చా?

తపాలా కిటికీ:
వద్దండి. ఆ 40 మందిని ఈ విడతలోంచి తీసెయ్యండి. బాకీ అడిగే ఉత్తరం వేరు, రమ్మని పిలిచే ఉత్తరం వేరు. బాకీకి కార్డు మాత్రం ఎప్పుడూ వాడకండి, చేతికి అందేలోపు ఊరంతా చదివేస్తారు. ఆ 50 పైసల కార్డులు ఏటా తప్పకుండా సర్వీసు చేయించుకునే ఓ 50 మందికి మీ చేత్తో రాసి పంపండి. షాపు చిరునామాతో సహా అంతా చేత్తోనే ఉండాలి. పాతిక రూపాయలతో అయిపోతుంది.