బయోస్ అప్‌డేట్ తర్వాత ఎక్స్‌టర్నల్ బూట్ డ్రైవ్ ఎఫ్12 లిస్టులో కనిపిస్తలేదు

మిల్లు_లెక్కలు (మిర్యాలగూడ)
విండోస్ 11 అప్‌డేట్‌తోని బయోస్ (మెషీన్‌ను మొదట లేపే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) అప్‌డేట్ గూడ పడ్డది. అప్పటిసంది మెషీన్ లేసేటప్పుడు ఎఫ్12 కొడితే వచ్చే బూట్ లిస్టుల విండోస్ ఒక్కటే చూపిస్తుంది. ఉబుంటు 22.04 (లైనక్స్) ఉన్న ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ లిస్టులోనే లేదు. విండోస్‌ల పెడితే "ఫార్మాట్ చేయాలా" అని అడుగుతుంది. మిల్లు లెక్కలన్నీ దాంట్లనే ఉన్నయి. డ్రైవ్ పోయినట్టేనా?

పాలమూరు_రూట్
పోలేదన్నా. ఆ డబ్బా రాంగనే క్యాన్సిల్ కొట్టు. ఉబుంటు పార్టిషన్ ఈఎక్స్‌టీ4ల (లైనక్స్ ఫార్మాట్) ఉంటది, విండోస్‌కు అది చదవరాదు, అందుకే అట్ల అడుగుతది. అడిగిందంటే కేబుల్, ఎన్‌క్లోజర్ (ఎస్‌ఎస్‌డీ పెట్టిన డబ్బా), డ్రైవ్ మూడూ పలుకుతున్నట్టే.

ముందు షిఫ్ట్ పట్టుకొని షట్‌డౌన్ నొక్కు. విండోస్‌ల ఫాస్ట్ స్టార్టప్ ఆన్ ఉంటే మామూలు షట్‌డౌన్ అసలు షట్‌డౌనే కాదు, సగం హైబర్నేషన్. ఆ తర్వాత బయోస్‌ల ఫాస్ట్ బూట్ చూడు. పేర్లు ఒక్కతీరుగ ఉన్నా ఇది వేరే సంగతి. ఇది ఆన్ ఉంటే చాలా మెషీన్లు యూఎస్‌బీని లేపకుండనే విండోస్‌కు పోతయి. బయోస్ అప్‌డేట్ పడ్డప్పుడు సెట్టింగులు డిఫాల్ట్‌కు పోవుడు మామూలే. ఫాస్ట్ బూట్ ఆఫ్, యూఎస్‌బీ బూట్ ఆన్ చేసి మళ్ల ఎఫ్12 కొట్టు.

సాగర్_ఎడమ_కాల్వ
ఒక్క నిమిషం, బయోస్‌లో చెయ్యి పెట్టకముందే బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) సంగతి చూసుకోండి. కొత్త లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయ్యి ఉంటుంది. సెక్యూర్ బూట్ (సంతకం లేని బూట్ ఫైళ్లను ఆపే బయోస్ సెట్టింగు) ముట్టుకోగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో ఉంటుంది, ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా ఆపడానికి అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో
మేనేజ్-బీడీఈ -ప్రొటెక్టర్స్ -డిసేబుల్ సి: -రీబూట్‌కౌంట్ 0
చివర సున్నా పెట్టకపోతే ఒక్క రీస్టార్ట్‌కే మళ్లీ ఆన్ అవుతుంది. పని అయిపోయాక ఎనేబుల్ చేయడం మరవొద్దు.

(కమాండ్లు ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాం, టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే.)

మిల్లు_లెక్కలు
కీ రాసుకున్న. ఫాస్ట్ బూట్ ఆఫ్, యూఎస్‌బీ బూట్ ఆన్. అయినా లిస్టుల రాలే. వేరే పెన్‌డ్రైవ్‌ల ఉబుంటు ఇన్‌స్టాలర్ పెడితే మాత్రం అది వస్తుంది.

టెర్మినల్_తాత
పెన్‌డ్రైవ్ వచ్చిందంటే బయోస్ తప్పు లేదు. నీ ఎస్‌ఎస్‌డీలో బూట్‌లోడరే (సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్) లేదు.

ఉబుంటు 22.04 ఇన్‌స్టాలర్‌కు ఒక పాత రోగముంది. ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద వేస్తున్నా, బూట్‌లోడర్‌ను మాత్రం లాప్‌టాప్ లోపలి డిస్క్‌లో, విండోస్ వాడే ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనే (బూట్ ఫైళ్లుండే చిన్న భాగం) పెడుతుంది. ఇన్నాళ్లూ నువ్వు ఎఫ్12లో చూసిన "ఉబుంటు" లోపలిదే. ఆ ఎంట్రీ ఉండేది మదర్‌బోర్డు మెమరీలో. బయోస్ అప్‌డేట్ దాన్ని తుడిచింది. బయట నుంచి పెట్టిన డిస్క్‌లో బయోస్ వెతికేది ఒకే దారి: ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో బూట్ ఫోల్డర్, అందులో బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ. అది లేకుంటే ఆ డిస్క్ దానికి లేనట్టే.

ఆ పెన్‌డ్రైవ్‌తో లైవ్‌లోకి వెళ్లు. "ట్రై ఉబుంటు" నొక్కు, ఇన్‌స్టాల్ కాదు. టెర్మినల్‌లో ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి సైజు చూసి నీ డిస్క్ గుర్తుపట్టు; పేరు ఎస్‌డీఏనా, ఎస్‌డీబీనా అని ఊహించి ముందుకు పోవద్దు. అందులో ఫ్యాట్32 ఈఎఫ్ఐ పార్టిషన్ లేకపోతే జీపార్టెడ్‌తో చివర 512 ఎంబీ చెక్కి, బూట్, ఈఎస్‌పీ ఫ్లాగులు పెట్టు. రూట్ పార్టిషన్‌ను (ఉబుంటు ఉన్నది) /ఎంఎన్‌టీలో, ఈఎఫ్ఐది /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్ఐలో మౌంట్ చెయ్యి. /డెవ్, /ప్రాక్, /సిస్‌లను బైండ్ చేసి సీహెచ్‌రూట్ (డిస్క్‌లోని ఉబుంటులోకి దూరడం) అయ్యాక
గ్రబ్-ఇన్‌స్టాల్ --టార్గెట్=ఎక్స్86_64-ఈఎఫ్ఐ --ఈఎఫ్ఐ-డైరెక్టరీ=/బూట్/ఈఎఫ్ఐ --రిమూవబుల్
ఆ తర్వాత అప్‌డేట్-గ్రబ్. చివరి రిమూవబుల్ అన్న మాటే అసలు మందు.

ఇక్కడే ఆపేస్తే మళ్లీ ఇరుక్కుంటావు. /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఫైలు) /బూట్/ఈఎఫ్ఐ లైను ఇంకా లోపలి డిస్క్ యూయూఐడీనే (పార్టిషన్ గుర్తింపు నంబరు) చూపిస్తుంది. బీఎల్‌కేఐడీతో కొత్తది తీసి మార్చు. మార్చకపోతే ఈ లాప్‌టాప్‌లో నడుస్తుంది గానీ, వేరే సిస్టమ్‌కు పెట్టినరోజు 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతుంది.

ల్యాబ్_వనపర్తి
మా దగ్గర ఇంకో రకం. డ్రైవ్ లిస్టులో వస్తుంది, నొక్కితే "షిమ్ ఎస్‌బ్యాట్ డేటా వెరిఫై కాలేదు, సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అని చూపించి మెషీన్ ఆగిపోతుంది.

సాగర్_ఎడమ_కాల్వ
అది 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ల నాటి కథ. పాత షిమ్ (సెక్యూర్ బూట్ కింద లైనక్స్‌ను లేపే సంతకమున్న చిన్న ప్రోగ్రామ్) ఉన్న లైనక్స్ డ్రైవులను, ఎస్‌బ్యాట్ అనే వెర్షన్ లెక్క చూసి సెక్యూర్ బూట్ ఆపేస్తుంది. సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి ఉబుంటులోకి వెళ్లి
సుడో మోక్‌యుటిల్ --సెట్-ఎస్‌బ్యాట్-పాలసీ డిలీట్
కొట్టండి. ఆఫ్‌లోనే ఇంకోసారి రీబూట్ చేసి ఉబుంటులోకి రావాలి, అప్పుడే పాలసీ మారుతుంది. షిమ్-సైన్డ్ ప్యాకేజీని కొత్తది చేసుకున్నాకే సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేయండి. ల్యాబ్‌లో పాత లైవ్ పెన్‌డ్రైవులు ఉంటే అవీ ఇట్లాగే మొరాయిస్తాయి, కొత్త ఐఎస్ఓతో రాయడం నయం.

పాలమూరు_రూట్
మూడో రకం గూడ చెప్పి పెడుత. గ్రబ్ (ఉబుంటు బూట్‌లోడర్) మెనూ వచ్చి, దాని తర్వాత "యూయూఐడీ డజ్ నాట్ ఎగ్జిస్ట్" అని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ప్రాంప్ట్‌ల (సగం లేసి ఆగిన నల్ల తెర) పడితే అది బయోస్‌ది కాకపోవచ్చు, ఉబుంటు కెర్నల్ అప్‌డేట్‌దో, ఎన్‌క్లోజర్‌దో కావచ్చు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌ల పాత కెర్నల్‌తోని లేస్తదేమో చూడు. లేకుంటే మెనూల కీబోర్డుల ఇంగ్లిష్ 'ఈ' అక్షరం నొక్కి, లైనక్స్ అన్న లైను చివర రూట్‌డిలే=10 పెట్టి కంట్రోల్ ఎక్స్ కొట్టు. కొన్ని ఎన్‌క్లోజర్ చిప్పులు యూఏఎస్ మోడ్‌ల (యూఎస్‌బీ డిస్కును వేగంగ నడిపే పద్ధతి) తిక్క చేస్తయి. ఎల్ఎస్‌యూఎస్‌బీల 152డి:0578 అని వస్తే అది జేమైక్రాన్ చిప్పు, అదే లైనక్స్ లైను చివర యూఎస్‌బీ-స్టోరేజ్.క్విర్క్స్=152డి:0578:యు పెడితే యూఏఎస్ బందయితది. స్పీడు తగ్గుతది గని డ్రైవ్ నిలబడుతది.

కరెంటు గూడ చూసుకోండి. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు, యూఎస్‌బీ 3 ఇచ్చేది 900. డెస్క్‌టాప్ అయితే ముందు పోర్టులు వద్దు, వెనుక మదర్‌బోర్డు పోర్టుకే పెట్టండి. మిల్లుల ఉన్నోళ్లు టైప్-సీ పోర్టుల టార్చ్ కొట్టి చూడండి. తవుడు దుమ్ము అడుగుకు గట్టిగ పేరుకుంటది, కేబుల్ సగమే పోతది. సిస్టమ్ బంద్ చేసి చెక్క పుల్లతోని తియ్యాలె, గుండుసూది పెట్టొద్దు.

మిల్లు_లెక్కలు
తాత చెప్పిందే. ఎస్‌ఎస్‌డీల ఈఎఫ్ఐ పార్టిషన్ అసలు లేనేలేదు. 512 ఎంబీ తీసి రిమూవబుల్‌తోని ఎక్కించిన, ఎఫ్12ల ఎస్‌ఎస్‌డీ పేరుతోనే వచ్చింది. ఎఫ్ఎస్‌ట్యాబ్ మార్చి గుమస్తా సిస్టమ్‌కు పెట్టి చూసిన, అక్కడ గూడ లేచింది. ఇప్పుడు లోపలి డిస్క్‌ల ఉన్న పాత ఉబుంటు ఫోల్డర్ తీసెయ్యాల్నా?

టెర్మినల్_తాత
ముట్టుకోకు. అది తినే జాగా కొద్ది ఎంబీలే. దాన్ని తీయబోయి పక్కనున్న మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ మీద చెయ్యి పడితే విండోస్ కూడా లేవదు. బిట్‌లాకర్ ఎనేబుల్ చేశావా లేదా, అది చూడు.