టెక్సస్‌లో కొన్న రైఫిల్ సియాటిల్‌కు తేవచ్చా?

ప్రశ్న (వాషింగ్టన్ రాష్ట్రం, బాతెల్ నుంచి):
అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి హెచ్‌1బీ మీద కొత్తగా వచ్చాను. మా బావగారు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటారు, గ్రీన్‌కార్డు ఉంది. ఆయనకూ ఇక్కడే ఉద్యోగం వచ్చింది. ఆయన దగ్గర ఒక ఏఆర్-15 రైఫిల్, ఒక గ్లాక్ 19 పిస్టల్ ఉన్నాయట. ‘వచ్చేవారం పనిమీద వస్తూ తెచ్చి నీ అపార్ట్‌మెంట్‌లో పెట్టి వెళ్తాను, ఇల్లు మారాక తీసుకుంటాను’ అంటున్నారు. కాదంటే అక్క ఏమనుకుంటుందోనని మొహమాటం. ఏం చేయమంటారు?

జవాబు (రెడ్‌మండ్):
తమ్ముడూ, ఈ రాత్రే ఫోన్ చేసి వద్దని చెప్పు. ఇందులో నీ చిక్కు వేరు, ఆయన చిక్కు వేరు.

ముందు నీది. నాన్‌ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించేది. హెచ్‌1బీ, వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్‌4, స్టూడెంట్ వీసా ఎఫ్‌1 అన్నీ అందులోకే వస్తాయి. కొన్నది ఎవరైనా, నీ అల్మరాలో ఉంటే నీ దగ్గర ఉన్నట్టే. 2022లో గరిష్ఠ శిక్షను 15 ఏళ్లకు పెంచారు. అది చాలదన్నట్టు వాషింగ్టన్ రాష్ట్ర చట్టంలో విడిగా ఇంకో ఫెలనీ (పెద్ద నేరం) కేసు. జైలు సంగతి అలా ఉంచు, తుపాకీ కేసులో దోషిగా తేలితే దేశం నుంచి పంపించేయొచ్చు. ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు క్యూలో నిలబడబోయేవాడివి, నీకెందుకీ టెన్షన్?

హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే మినహాయింపు ఉందిగా అని ఎవరో ఒకరు అంటారు. ఫెడరల్ చట్టంలో ఉన్నమాట నిజమే. కానీ ఈ రాష్ట్రం షరతులు వేరే ఉన్నాయి. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఆ దారి తొక్కకు. ఎఫ్‌1 పిల్లలు షూటింగ్ రేంజ్‌లో రైఫిల్ పట్టుకున్న ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెడుతుంటారు, చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇక బావగారిది. ఏఆర్-15 లాంటి రైఫిళ్ల మీద ఇక్కడ 2023 ఏప్రిల్ 25న చట్టం వచ్చింది, గవర్నర్ సంతకం పెట్టిన రోజు నుంచే అమలు. అమ్మకం ఒక్కటే కాదు, బయటి రాష్ట్రం నుంచి తేవడం కూడా నేరమే. అప్పటికే ఇక్కడ ఉన్నవాళ్లవి వాళ్ల దగ్గరే ఉండనిచ్చారు. అందుకే ‘మా పక్కింటాయన దగ్గర ఉందిగా’ అనే మాట వింటావు. కాపురం మార్చుకుని కొత్తగా వచ్చే ఆయనకు ఆ వెసులుబాటు లేదు. తూటాలు తీసి, కారు ట్రంకులో తాళం వేసి తెస్తే ఫెడరల్ రక్షణ ఉంటుందంటారు. బయలుదేరిన చోటా, చేరే చోటా రెండు చోట్లా చెల్లుబాటైతేనే అది పనికొస్తుంది.

గ్లాక్ తెచ్చుకోవచ్చు, ఆయన వచ్చేటప్పుడు ఆయనే. దాని మామూలు మ్యాగజైన్‌లో 15 తూటాలు పడతాయి. 10 దాటినవి 2022 జులై 1 నుంచి ఇక్కడికి తేకూడదు. పాతవి అక్కడే వదిలేసి, 10 పట్టేవి కొనుక్కోమను.

జవాబు (నేపర్‌విల్):
మా ఇల్లినాయ్ తీరు వేరు. 2022 జులై 4న హైలాండ్ పార్క్ పరేడ్‌లో కాల్పులు జరిగాక 2023 జనవరిలో ఇలాంటి రైఫిళ్ల మీద చట్టం తెచ్చారు. అప్పటికే అవి ఉన్నవాళ్లు 2024 జనవరి 1 లోపు స్టేట్ పోలీసుల దగ్గర నమోదు చేసుకోవాల్సి వచ్చింది. టెక్సస్‌లో 2021 నుంచి పర్మిట్ లేకుండానే పిస్టల్ నడుముకు పెట్టుకుని తిరగొచ్చు. అది చూసి అమెరికా అంతా ఇంతే అనుకుంటారు మనవాళ్లు.

ఇంకోమాట. బావగారు వచ్చాక అందరూ ఒకే ఇంట్లో ఉంటారా? అయితే గ్లాక్‌ని సేఫ్‌లో పెట్టమనండి, కోడ్ మీకు చెప్పొద్దనండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ. అక్కకే ఫోన్ చేశాను. ‘అమ్మెయ్యమని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నా’ అంది! రైఫిల్ అక్కడే గన్ షాపులో అమ్మేస్తారట. దాని మీది స్కోప్ (గురి చూసే అద్దం) చాలా ఖరీదట, అదైనా తెచ్చుకోవచ్చా అని అడగమన్నారు.

జవాబు (రెడ్‌మండ్):
స్కోప్‌కు అడ్డేమీ లేదు, విప్పి తెచ్చుకోమను. రైఫిల్ పార్టులు మాత్రం వద్దు. బిగిస్తే రైఫిల్ అయ్యేన్ని పార్టులు ఒకరి దగ్గరే ఉంటే, ఈ చట్టం లెక్కలో అదీ రైఫిలే.